గింజలు తీసేసిన గిలక్కాయ

మా అల్లుణ్ణి వాళ్ళ ఫ్యాక్టరీలో చెవి మేస్త్రీ అంటారు. రెండు వందల కుట్టుమిషన్లు ఒక్కసారిగా మోగుతున్న హాలులో నిలబడి, "నాలుగో వరసలో కిటికీ పక్క మిషను చూడండి, లోపల ఏదో రాసుకుంటోంది" అని చెప్పగలిగిన మనిషి అక్కడ ఇతనొక్కడే. దగ్గరికి వెళ్ళి, స్క్రూడ్రైవర్ మొన మిషను ఒంటికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. కుట్టే అమ్మాయిలు ఊపిరి బిగబట్టి చూస్తారట. కళ్ళు తెరిచేసరికి ఏ మర వదులైందో, ఏ చక్రం అరిగిందో చెప్పేస్తాడు. నాకు గుండె పరీక్ష చేసిన డాక్టరు కూడా అంత శ్రద్ధగా వినలేదు.

ఇక నా సంగతంటారా, ముప్పై ఏళ్ళు బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు చెప్పినదాన్ని. మైకు పాడైన రోజున కిటికీలోంచి తల బయటపెట్టి ఒక్క కేక వేస్తే, ఎనిమిదో ప్లాట్‌ఫారం దగ్గర కునుకు తీస్తున్న డ్రైవరు కూడా ఉలిక్కిపడి స్టీరింగు పట్టుకునేవాడు. అలాంటి చెవినీ ఇలాంటి నోటినీ ఒకే ఇంట్లో పడేశాడు ఆ భగవంతుడు. ఏం చేస్తాం!

అతను మొదటిసారి మా ఇంటికి భోజనానికి వచ్చిన రోజు నాకింకా బాగా గుర్తు. మా అమ్మాయి పోస్టాఫీసులో కౌంటరు దగ్గర పనిచేసేది. నెలకోసారి వాళ్ళమ్మకి మందుల పార్సిలు పంపడానికి వచ్చే ఈ మనిషి నచ్చాడంది. సరే, రమ్మను చూద్దాం అన్నాను. వచ్చాడు, కూర్చున్నాడు, అడిగినదానికి పొందికగా జవాబు చెప్పాడు. నాలుగు ముద్దలు తిన్నాడో లేదో, వంటింట్లో నా చేతిలోంచి ఇత్తడి మూత జారి గచ్చు మీద పడింది. అది దొర్లి దొర్లి ఆగేసరికి హాల్లో కుర్చీ ఖాళీ. బయటికెళ్ళి చూద్దును కదా, వీధి చివర కరెంటు స్తంభం పక్కన ఎంగిలి చేత్తో నిలబడి ఉన్నాడు!

నాకు ఒళ్ళు మండిపోయింది.

"మూత పడితే కంచం ముందు నుంచి లేచిపోయే మనిషితో నువ్వేం వేగుతావే?" అన్నాను మా అమ్మాయితో.

"అది కోపం కాదమ్మా. చిన్నప్పుడు వాళ్ళింట్లో పరిస్థితి బాగుండేది కాదట. అంతకంటే నన్నేం అడక్కు" అంది.

నేనూ అడగలేదు. మంచితనం కొద్దీ కాదు, కోపం కొద్దీ. పెళ్ళయి నాలుగేళ్ళు గడిచినా నా లెక్కలో అతను ముంగిలా కూర్చుని, ఉన్నట్టుండి అలిగి లేచిపోయే మనిషే. ఎవరైనా అడిగితే మా అల్లుడు బంగారం అనేదాన్ని. మనసులో మాత్రం మూతి మూడు వంకర్లు తిప్పుకునేదాన్ని.

మనవరాలు పుట్టినప్పుడు సాయానికని వెళ్ళి, వాళ్ళ దగ్గరే ఉండిపోయాను. రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. పిల్లకి పిచిక అని ముద్దుపేరు పెట్టింది నేనే. నేను సంచీ కింద పెట్టకముందే మా అమ్మాయి గుమ్మంలో చెప్పేసింది: "అమ్మా, ఆయన ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం కాస్త మెల్లగా." 'కాస్త మెల్లగా' అంటే ఏంటో మొదటి వారంలోనే తెలిసొచ్చింది. పాప గుక్కపట్టి ఏడిస్తే అల్లుడి మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడేది. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగిపోయేవాడు. ఒక్క మాట అనేవాడు కాదు, చెయ్యెత్తడం మాట దేవుడెరుగు. అరగంట తర్వాత తలొంచుకుని తిరిగొచ్చేవాడు. పిల్ల కాస్త పెద్దయ్యాక అలా వచ్చేటప్పుడు చేతిలో ఒక రబ్బరు ఉండేది, పెన్సిలు గీతలు చెరిపేది. కింద పుస్తకాల కొట్లో దొరికే రంగురంగుల రబ్బర్లు. దాన్ని పిల్ల చేతిలో పెట్టి, తల నిమిరి, వెళ్ళి పేపరు ముందు కూర్చునేవాడు. పిచిక వాటినన్నింటినీ ఒక బిస్కెట్ల డబ్బాలో దాచుకునేది.

నేను ఏ పని పట్టినా సగంలో వదిలే రకాన్ని కాదు. మెల్లగా ఉండాలంటే మెల్లగా ఉండి చూపిస్తాను అనుకున్నాను. కుర్చీ కాళ్ళకి మందపాటి గుడ్డముక్కలు అంటించాను. స్టీలు కంచాలు అటకెక్కించి ప్లాస్టిక్‌వి తెప్పించాను. తలుపు గడియకి పాత చీరపేలిక చుట్టాను. కుక్కరు కూత పెట్టబోయే ముందే స్టవ్ ఆపేయడం నేర్చుకున్నాను. అన్నం ఎన్నిసార్లు పలుకయిందో అడక్కండి. పిల్ల ఏడుపు మొదలెట్టిందో లేదో, పాలో బెల్లమో ఏదో ఒకటి నోట్లో పెట్టేసేవాళ్ళం. మైకు లేకుండా బస్టాండు దద్దరిల్లించిన నేను ఆ ఇంట్లో గుసగుసలతో కాలక్షేపం చేశాను!

అన్నింటికంటే ఘనకార్యం ఒకటి చేశాను. మా చెల్లెలు పిచికకి చెక్క గిలక్కాయ ఒకటి పంపింది, నున్నగా, ఎర్ర రంగుది. పిల్ల దాన్ని నేలకేసి టపటపా కొట్టగానే అల్లుడు లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు మధ్యాహ్నం నేను ఆ గిలక్కాయ పిడి ఊడదీసి, లోపలి గింజలన్నీ ఒక చిన్న డబ్బాలో పోసి, పిడి మళ్ళీ బిగించి పిల్ల చేతికిచ్చాను. ఊపింది. చప్పుడు రాలేదు. నా మొహంలోకి చూసింది. ఇంకోసారి ఊపింది. ఆ తర్వాత దాన్ని పక్కన పడేసింది. సాయంత్రం మా అమ్మాయి రాగానే, చూశావా నా తెలివి అని చెప్పి మురిసి ముక్కలయ్యాను కూడా.

పిచిక అలా పెరిగింది. ఐదేళ్ళు వచ్చేసరికి అది గదిలోకి వచ్చిందో లేదో వెనక్కి తిరిగి చూస్తే తప్ప తెలిసేది కాదు. పడితే లేచేది, తగిలితే ఊరుకునేది. వచ్చినవాళ్ళంతా, "ఎంత బుద్ధిమంతురాలండీ! మా ఇంట్లో ఉన్నారు, రాక్షసులు" అనేవాళ్ళు. అంతా నా పెంపకమే అన్నట్టు నేను పమిట సర్దుకునేదాన్ని.

బళ్ళో టీచరమ్మ మాత్రం ఒకరోజు నన్ను ఆపింది. "పాప ఇవాళ నేర్చుకున్న అక్షరాలు రేపటికి మర్చిపోతోందండీ. తెలివి లేక కాదు. బోర్డు వైపు చూడదు, తలుపు వైపు చూస్తుంది. ఎవరైనా బెంచీ జరిపితే చాలు, పెన్సిలు వదిలేసి బిగుసుకుపోతుంది" అంది.

"అయితే తలుపు మూసి పాఠం చెప్పండి" అన్నాను. నా నోరు అలాంటిది. ఆవిడ ఎంత మంచి మాట చెప్పిందో అప్పుడు నా బుర్రకెక్కలేదు.

పిచికకి ఆరో ఏడు వచ్చాక, ఒక ఆదివారం జరిగింది ఇది. మా అమ్మాయి లోపలి గదిలో కునుకు తీస్తోంది. అల్లుడు హాల్లో పేపరు చదువుకుంటున్నాడు. నేను బట్టలు ఇస్త్రీ చేస్తూ, పొయ్యి మీద పాలు గుర్తొచ్చి, కాలుతున్న ఇస్త్రీపెట్టె అక్కడే వదిలేసి వంటింట్లోకి వెళ్ళాను. రెండు నిమిషాలు కూడా అవలేదు. తిరిగొచ్చేసరికి పిచిక బీరువా వైపు తిరిగి నిలబడి ఉంది, కుడిచెయ్యి గౌను జేబులో పెట్టుకుని. "ఏం చేస్తున్నావే?" అంటే, "ఏం లేదు అమ్మమ్మా" అంది మెల్లగా. నేను మళ్ళీ ఇస్త్రీలో పడ్డాను.

సాయంత్రం పాలగ్లాసు ఇస్తే ఎడంచెయ్యి చాపింది.

"కుడిచెయ్యి ఏదే?"

ఒక అడుగు వెనక్కి వేసింది. నేనే పట్టుకుని జేబులోంచి బయటికి తీశాను. అరచేతి నిండా బొబ్బలు. ఒకటి చితికి, జేబు గుడ్డ దానికి అంటుకుపోయి ఉంది. మధ్యాహ్నం రెండింటి నుంచి ఆరింటి దాకా, నాలుగు గంటలు, ఆ పసిది కాలిన చెయ్యి జేబులో పెట్టుకుని ఇంట్లో తిరిగింది. బొమ్మలు ముందేసుకుని కూర్చుంది. నా పక్కన కూర్చుని టీవీ చూసింది.

నేను అరిచాను. ఆరేళ్ళుగా గొంతులో దాచిపెట్టిందంతా ఒక్కసారే బయటికొచ్చింది. నా అరుపుకి అల్లుడు అప్పుడే తలుపు తీసుకుని మెట్లు దిగిపోయాడు. మేం పిల్లని ఎత్తుకుని పరుగెడుతుంటే మొదటి అంతస్తు దగ్గర ఎదురొచ్చి, చెయ్యి చూసి, నా దగ్గర్నుంచి పిల్లని తీసుకున్నాడు.

పిల్లల డాక్టరమ్మ కాస్త గట్టిది. "ఎప్పుడు కాలింది? మధ్యాహ్నమా? ఇంతసేపూ ఏం చేస్తున్నారు ముగ్గురు పెద్దవాళ్ళు?" అని నిలదీసింది.

"పాప ఏడవలేదండీ" అంది మా అమ్మాయి.

డాక్టరమ్మ చేతిలో కట్టుగుడ్డ ఆగిపోయింది. పిచిక వైపు వంగి అడిగింది: "నొప్పెట్టలేదా బంగారం?"

"పెట్టింది."

"మరి ఏడవలేదేం?"

"ఏడిస్తే నాన్న వెళ్ళిపోతాడు."

దాని గొంతులో ఫిర్యాదు లేదు. వానొస్తే తడుస్తాం అన్నంత మామూలుగా చెప్పింది. మా అల్లుడు పిల్ల చెప్పులు చేత్తో పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆ చెప్పుల వంకే చూస్తూ ఉండిపోయాడు.

కట్టు కట్టాక నర్సు పిల్లని చేపలతొట్టి చూపించడానికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి, ఇంట్లో ఎవరైనా కొడతారా అని సూటిగా అడిగింది. ముగ్గురం ఒక్కసారే లేదన్నాం. నేను ఊరుకుంటేగా! ఇంట్లో సూది పడ్డా వినపడేంత నిశ్శబ్దంగా ఉంటామని, కుర్చీ కాళ్ళ దగ్గర్నుంచి కుక్కరు దాకా అన్నీ ఏకరువు పెట్టాను. ఆవిడ నా మాట పూర్తయ్యేదాకా విని, అల్లుడి వైపు తిరిగింది.

"మీ చిన్నప్పుడు ఇంట్లో కొట్టేవాళ్ళా?"

అతను తలూపాడు.

"చూడండి, పసితనంలో మెదడు తన చుట్టూ ఏముందో దానికి తగ్గట్టు తయారవుతుంది. భయం మధ్య పెరిగితే, ఆ భయాన్ని ముందుగా పసిగట్టే భాగానికే ఎక్కువ పని. ఎప్పుడూ కాపలా కాస్తూ ఉంటుంది. ఆ కాపలాలో పడి చదువు మీద, ఆట మీద ధ్యాస నిలవదు. పెద్దయ్యాక కొట్టేవాళ్ళు లేకపోయినా కాపలా మానదు. చప్పుడు వినపడగానే మీరు ఆలోచించేలోపే కాళ్ళు లేస్తాయి. అది పొగరూ కాదు, పిరికితనమూ కాదు. మీరు కావాలని చేస్తున్నదీ కాదు."

నేను తలెత్తలేకపోయాను. పొగరని పదేళ్ళుగా అనుకుంటున్నది నేనే.

"మరి పాపనెవరూ కొట్టలేదుగా?" అంది మా అమ్మాయి.

"కొట్టలేదు. కానీ పెద్దవాళ్ళంతా అడుగు తీసి అడుగు వెయ్యడానికి భయపడుతుంటే, ఏదో పెద్ద ప్రమాదం ఉందనే కదా పిల్లకి అనిపిస్తుంది? అదేంటో దానికి తెలీదు. తను నోరు తెరిస్తే నాన్న ఉండడు, అదొక్కటే తెలుసు. అమ్మా, ఏడిస్తే ఎవరో ఒకరు వస్తారని నమ్మకం ఉన్న పిల్లే గట్టిగా ఏడుస్తుంది."

మా అల్లుడు కుర్చీలో ముందుకు వంగాడు. "ఇది తగ్గుతుందా డాక్టరుగారూ? నాది కాదు, పాపది."

"ఇంత చిన్నప్పుడే తెలిసింది కాబట్టి తగ్గుతుందనే నా నమ్మకం. మీది నెమ్మదిగా. ఇద్దరికీ ఒకటే దారి. ఇంట్లో చప్పుడు అవ్వాలి, అయినా ఏ చెడూ జరక్కూడదు. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. పిల్ల ఏడిస్తే మీరు అక్కడ ఉండాలి." ఇలాంటివి మాట్లాడి నయం చేసే ఆవిడ పేరు కాగితం మీద రాసిచ్చింది, వారానికోసారి ఇద్దరూ వెళ్ళమని.

మా అమ్మాయి మందులు తీసుకునేలోపు అతనూ నేనూ ఆస్పత్రి మెట్ల మీద కూర్చున్నాం. పిచిక అతని ఒళ్ళో నిద్రపోయింది. అతను ఎదుటి గోడ వైపు చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. పదేళ్ళలో నాతో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు.

"మా నాన్నకి కోపమొస్తే ముందు కంచం విసిరేవాడు అత్తయ్యా. తర్వాత అమ్మ మీద పడేవాడు. అమ్మ నాకు నేర్పింది, కంచం పడ్డ చప్పుడు వినపడితే వెనక్కి చూడకుండా కట్టెల అడితిలోకి పరిగెత్తు, నేను పిలిచేదాకా రాకు అని. నాకప్పుడు ఐదేళ్ళో ఆరేళ్ళో. దుంగల సందులో కూర్చుని వినేవాణ్ణి. ఏ అడుగు నాన్నది, ఏది అమ్మది, తలుపు కోపంతో వేశారా మామూలుగా వేశారా, అన్నీ అక్కడ్నుంచే తెలిసేవి. ఒకసారి అమ్మ పిలవలేదు. పొద్దు వాలాక పక్కింటావిడ వచ్చి తీసుకెళ్ళింది. అమ్మ ఆస్పత్రిలో ఉంది. బతికింది లెండి."

ఒళ్ళో పిల్ల కట్టు కట్టిన చేతిని సర్ది పెట్టాడు.

"బళ్ళో పుస్తకం తెరిస్తే అక్షరాలకంటే ముందు వరండాలో నడిచే చెప్పులు వినపడేవి. చదువు అబ్బలేదు. పదిహేనేళ్ళకి మిషన్ల షాపులో చేరితే, ఈ చెవే అన్నం పెట్టింది. అమ్మ చెప్పినట్టే చేశాను అత్తయ్యా. ఇంకా చేస్తూనే ఉన్నాను. ఆపడం ఎలాగో అమ్మ చెప్పలేదు."

అత్తయ్యగారూ అని దూరం నుంచి పిలిచే మనిషి గారు తీసేసి పిలిచాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఎదురుగా వెళ్ళేవాళ్ళు చూస్తున్నారని కూడా చూసుకోకుండా ఏడ్చాను. ఎంగిలి చేత్తో స్తంభం పక్కన నిలబడ్డవాణ్ణి నేను చూశాను. ఆ చేతిని పట్టుకుని ఇంట్లోకి తీసుకురావాల్సింది పోయి, మొహం మాడ్చుకుని వెనక్కొచ్చాను. ఆ పాపం నాదే.

ఇంటికి రాగానే నేను చేసిన మొదటి పని, గిలక్కాయ వెతికి తెచ్చి అతని చేతిలో పెట్టడం. ఊపాడు. చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ ఊపాడు. చెవి మేస్త్రీ కదా, వెంటనే అర్థమైంది.

"ఇందులో గింజలేవి?"

"నేనే తీసేశాను బాబూ. మీకోసమని."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను. అతను గిలక్కాయని ఒళ్ళో పెట్టుకుని, "పారేశారా?" అన్నాడు. లేదని చెప్పి పోపులపెట్టె వెనక నుంచి చిన్న డబ్బా తీసుకొచ్చాను. మిషను విప్పినంత పద్ధతిగా పిడి విప్పి, గింజలు పోసి, మళ్ళీ బిగించాడు. అప్పుడు పిచికని పిలిచాడు.

"మా ఫ్యాక్టరీలో ఒక పద్ధతుంది చెప్పనా? నా చెయ్యి మిషను లోపల ఉన్నప్పుడు, కుట్టే అక్క చెప్పకుండా స్విచ్ వెయ్యకూడదు. ముందు 'వేస్తున్నా' అని గట్టిగా అరవాలి. నేను చెయ్యి బయటికి తీసి 'వెయ్' అనాలి. అప్పుడే వెయ్యాలి."

"చెప్పకుండా వేస్తే?"

"వేలు పోతుంది."

పిచిక వాళ్ళ నాన్న వేళ్ళన్నీ ఒక్కొక్కటే పట్టుకుని చూసింది. పదీ ఉన్నాయి.

"ఇవాళ్టి నుంచి మనింట్లోనూ అంతే. నువ్వు చప్పుడు చెయ్యొచ్చు. ఎంత కావాలంటే అంత. ముందు నాకు చెప్పు, చాలు."

"వేస్తున్నా" అంది పిచిక, చీమ గొంతుతో.

"వినపడలేదు."

చెవి మేస్త్రీకి వినపడకపోవడమా! ఇక నేను రంగంలోకి దిగాను. "నోరు పూర్తిగా తెరవ్వే. గొంతులోంచి కాదు, పొట్టలోంచి రావాలి. ఎనిమిదో ప్లాట్‌ఫారం దాకా వెళ్ళాలి మాట!" అని బస్టాండు విద్యంతా ధారపోశాను. ఐదోసారికో ఆరోసారికో పిల్ల గొంతు కాస్త లేచింది. అతను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని "వెయ్" అన్నాడు. గిలక్కాయ మోగింది, ఇన్నేళ్ళ తర్వాత. అతని నుదురంతా చెమట పట్టింది. సగం లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు.

అంతటితో అయిపోయిందనుకోకండి. నెలలు పట్టింది. స్టీలు కంచాలు అటక దిగాయి. "నాన్నా, చెంచా వేస్తున్నా!" "వెయ్!" "మూత వేస్తున్నా!" "వెయ్!" గడియకి చుట్టిన పేలిక విప్పేశాను. కుక్కరు చేత కడుపారా కూతలు పెట్టించాను, దానికీ ముందు నేనే 'వేస్తున్నా' చెప్పి. కింది వాటా ఆవిడ మాకు పిచ్చి పట్టిందనే అనుకుంది. కొన్నిరోజులు అతను నిలబడలేక వెళ్ళిపోయేవాడు కూడా. కానీ వెళ్ళే తీరు మారింది. ఆ మాట్లాడే ఆవిడ నేర్పిందట. గుమ్మంలో ఆగి, పిల్ల వైపు తిరిగి, "పిచికా, నా కాళ్ళకి భయమేసింది. కిందికెళ్ళి పది నిమిషాల్లో వస్తా. నీ వల్ల కాదు" అనేవాడు. పదో నిమిషానికి వచ్చేవాడు. రబ్బరు తేవడం మానేశాడు.

పిల్ల గలగలా తిరుగుతోంది, బళ్ళో అక్షరాలు నిలుస్తున్నాయి, టీచరమ్మకి నేనే వెళ్ళి క్షమించమని చెప్పుకున్నాను. కానీ ఒక్కటి మాత్రం మారలేదు. పిచిక ఏడవదు. పడినా, తగిలినా, జ్వరమొచ్చినా పెదవులు బిగించి తలుపు వైపు చూస్తుంది. చప్పుడైతే చెప్పి చెయ్యొచ్చు. ఏడుపుని ఎవరు చెప్పి ఏడుస్తారు? అల్లుడికీ ఇది తెలుసు. ఒకరోజు అన్నం తింటూ, "ఇది నన్ను ఇంకా నమ్మలేదు అత్తయ్యా" అన్నాడు. నేను అతని కంచంలో ఇంకాస్త మజ్జిగ పోశాను.

మొన్న శనివారం పొద్దున. మా అమ్మాయి పోస్టాఫీసుకి వెళ్ళింది. అల్లుడు హాల్లో నేల మీద కూర్చుని నా టేబుల్ ఫ్యాను విప్పుతున్నాడు. నేను బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నాను. వంటింట్లో పిచిక స్టూలెక్కి పంచదార సీసా అందుకోబోయింది. నాకు తెలియదు, ఎవరికీ తెలియదు. 'వేస్తున్నా' లేదు, 'వెయ్' లేదు. సీసా నేల మీద పడి బద్దలైన చప్పుడు మాత్రం ఇల్లంతా వినపడింది.

నేను వెనక్కి తిరిగేసరికి అల్లుడు లేచి నిలబడి ఉన్నాడు. మొహంలో రక్తం లేదు. అతని కాళ్ళు అప్పటికే గుమ్మం వైపు నడిచాయి. చెయ్యి గడియ మీద పడింది. గడియ టక్కుమంది. అయ్యో, అనుకున్నాను. ఇన్ని నెలల శ్రమా మెట్లు దిగి వెళ్ళిపోతోంది అనుకున్నాను.

గడియ మీద చెయ్యి అలాగే ఉంది. నాకు అతని వీపు కనపడుతోంది, భుజాలు కదులుతున్నాయి. అప్పుడు చెయ్యి తీశాడు. వెనక్కి తిరిగి, వంటింట్లోకి పరిగెత్తాడు.

వెనకే నేనూ వెళ్ళాను. పిచిక స్టూలు పక్కన నిలబడి ఉంది. చుట్టూ గాజు పెంకులు, పంచదార. మడమ దగ్గర తెగి రక్తం కారుతోంది. పెదవులు బిగించుకుంది. అల్లుడు చెప్పులు లేని కాళ్ళతో పెంకుల్లోనే నడిచి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పళ్ళు కటకటా కొట్టుకుంటున్నాయి.

"వచ్చాను" అన్నాడు చివరికి. "చప్పుడు విని వచ్చాను తల్లీ."

పిచిక అతన్ని చూసింది. అతని భుజం మీంచి హాల్లోకి, గుమ్మం తలుపు వైపు చూసింది. మళ్ళీ అతన్ని చూసింది. కింది పెదవి వణికింది.

అప్పుడు నోరు తెరిచింది నా మనవరాలు. అమ్మబాబోయ్, ఏం గొంతండీ అది! పొట్టలోంచి వచ్చింది. ఎనిమిదో ప్లాట్‌ఫారం ఏం సరిపోతుంది, బస్టాండు దాటి వీధి చివరిదాకా వెళ్ళి ఉంటుంది. గుక్క తిప్పుకోవడానికి ఆగి, మళ్ళీ మొదలుపెట్టేది. సీసా కోసం, మడమ కోసం, ఆ రోజు కాలిన చెయ్యి కోసం, అన్నిటికీ కలిపి ఏడ్చింది. వాళ్ళ నాన్న దాన్ని గుండెకి అదుముకుని కూర్చున్నాడు. ఒళ్ళంతా వణుకుతోంది అతనికి. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఆ ఏడుపు అతని చెవి పక్కనే, ఆ చెవి పక్కనే! అయినా కదల్లేదు. "ఏడు తల్లీ, ఏడు" అని అంటూనే ఉన్నాడు. నేను చేత చీపురు పట్టుకుని ఊడవడం మర్చిపోయి నిలబడ్డాను.

తలుపు దబదబా బాదిన చప్పుడు. కింది వాటా ఆవిడ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది.

"ఏమైందండీ? పాప ఎప్పుడూ ఏడవదే! అలా ఏడుస్తుంటే ఊరుకున్నారేం? వాళ్ళ నాన్న ఇంట్లో లేరా?"

నేను కళ్ళు తుడుచుకుని, ముప్పై ఏళ్ళు మైకులో చెప్పిన గొంతుతో, మెట్ల మీద అందరికీ వినపడేలా చెప్పాను.

"ఉన్నాడండీ. ఉన్నాడు కాబట్టే ఏడుస్తోంది."